ఇంగ్లిష్ క్లబ్ సీజన్ మొత్తాన్ని తికమక లేకుండా ఫాలో అవ్వడం ఎలా: లివర్‌పూల్ 2021-22 ఉదాహరణతో

శనివారం లీగ్ మ్యాచ్, బుధవారం అర్ధరాత్రి ఛాంపియన్స్ లీగ్, ఆదివారం ఎఫ్ఏ కప్, ఆ మధ్యలో ఎక్కడో కారబావో కప్ అని ఇంకోటి. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఇక్కడే విసిగిపోతారు. ఆట అర్థం కాక కాదు, ఏ మ్యాచ్ దేనికోసం ఆడుతున్నారో తెలియక. నిన్న 3-0తో గెలిచారు కదా, పాయింట్లు పెరగలేదేంటి అని అడుగుతారు. అది కప్ మ్యాచ్ బాబూ, పట్టికకీ దానికీ సంబంధం లేదు.

నా సలహా ఒక్కటే. పాయింట్ల పట్టికని కాసేపు పక్కన పెట్టి క్యాలెండర్ పట్టుకోండి. మీరు ఇష్టపడే క్లబ్ ఆడే మ్యాచ్‌లన్నీ, ఏ పోటీ అయినా సరే, తేదీల వరుసలో ఒకే చోట రాసుకోండి. నోటుబుక్ అయినా ఫోన్‌లో ఎక్సెల్ షీట్ అయినా మీ ఇష్టం. ఎవరిని ఎందుకు ఆడించారు, ఫలానా రోజు టీమ్ ఎందుకు నీరసంగా కనిపించింది, ఒక కప్పులో గెలిస్తే ఇంకో పోటీలో ఏం తేడా వచ్చింది, ఇవన్నీ అక్కడే బయటపడతాయి, పట్టికలో ఎంత వెతికినా దొరకవు.

ఉదాహరణకి లివర్‌పూల్ 2021-22 సీజన్ తీసుకుందాం. ఆ ఏడాది ఆ క్లబ్ ఆడటానికి వీలున్న ప్రతి మ్యాచ్ ఆడింది. లీగ్‌లో 38, లీగ్ కప్‌లో 6, ఎఫ్ఏ కప్‌లో 6, ఛాంపియన్స్ లీగ్‌లో 13, మొత్తం 63. ఎక్కడా మధ్యలో ఇంటికి పోలేదు, మూడు ఫైనల్స్ ఆడింది, లీగ్ ఆఖరి రోజు దాకా రేసులో ఉంది. నేర్చుకోవడానికి ఇంతకంటే నిండు సీజన్ దొరకడం కష్టం.

ముందు పోటీల సంగతి. ప్రీమియర్ లీగ్‌లో 20 టీమ్‌లు, ప్రతి టీమ్‌తో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ళ ఊర్లో ఒకసారి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. మన ఐపీఎల్‌లాగా చివర్లో ప్లేఆఫ్స్, ఫైనల్ ఉండవు, మే నెలలో పట్టికలో పైన ఎవరుంటే వాళ్ళే ఛాంపియన్. అడుగున ఉన్న మూడు టీమ్‌లు కింది డివిజన్‌కి దిగిపోతాయి. లీగ్ గురించి ఇంతే, ఇందులో తికమక ఏమీ లేదు.

తికమకంతా కప్పులతోనే. ఎఫ్ఏ కప్ 1871లో మొదలైంది, ఫుట్‌బాల్‌లో ఇంతకంటే పాత పోటీ లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో ఆడే చిన్న చిన్న క్లబ్బులు కూడా దీంట్లో ఉంటాయి, పెద్ద టీమ్‌లు జనవరిలో మూడో రౌండ్ నుంచి చేరతాయి. ప్రత్యర్థిని డ్రా తీసి నిర్ణయిస్తారు, ర్యాంకింగులు, సీడింగులు ఏమీ ఉండవు, ఎవరికి ఎవరైనా తగలొచ్చు. లివర్‌పూల్‌కి ఆ ఏడాది మొదట తగిలింది మూడో డివిజన్ ష్రూస్‌బరీ. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌కి వచ్చి మొదటి గోల్ వాళ్ళే కొట్టారు కూడా, ఆ తర్వాత 4-1తో ఓడిపోయారనుకోండి. ఎఫ్ఏ కప్ చూడటంలో సగం సరదా ఇలాంటి కొద్ది నిమిషాల కోసమే.

లీగ్ కప్ వేరు. అదే కారబావో కప్, స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుతుంది కాబట్టి మీ షీట్‌లో లీగ్ కప్ అనే రాసుకోండి. 1960లో మొదలైన ఈ పోటీలో పై నాలుగు డివిజన్ల 92 క్లబ్బులే ఆడతాయి. యూరప్ పోటీలు ఆడే టీమ్‌లు మూడో రౌండ్ నుంచి వస్తాయి. సెమీఫైనల్ మాత్రం రెండు మ్యాచ్‌లుగా ఉంటుంది, దాన్ని రెండు లెగ్‌లు అంటారు. మొదటి రౌండ్లలో 90 నిమిషాలకి సమానంగా ఉంటే ఎక్స్‌ట్రా టైమ్ లేకుండా నేరుగా పెనాల్టీలే. ఫైనల్ ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో అయిపోతుంది కాబట్టి సీజన్‌లో మొదట దొరికే ట్రోఫీ ఇదే.

నాలుగోది యూరప్, అంటే అక్కడి పెద్ద క్లబ్బులన్నీ ఆడే ఛాంపియన్స్ లీగ్. అప్పట్లో ఛాంపియన్స్ లీగ్‌లో నాలుగు టీమ్‌ల గ్రూపులు ఉండేవి. 2024-25 నుంచి పద్ధతి మారింది. 36 టీమ్‌లు ఒకే పట్టికలో ఉంటాయి, ఒక్కొక్కరికి 8 మ్యాచ్‌లు, మొదటి 8 స్థానాల వాళ్ళు నేరుగా ప్రీక్వార్టర్స్‌కి వెళ్తారు, 9 నుంచి 24 వరకు ఉన్నవాళ్ళు ముందు ఇంకో ప్లేఆఫ్ ఆడాలి. పాత సీజన్ల గురించి చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక షీట్ తయారు చేద్దాం. లీగ్ షెడ్యూల్ సాధారణంగా జూన్‌లో వస్తుంది. అది మొత్తం దించుకోండి కానీ పెన్నుతో రాయొద్దు, పెన్సిల్‌తో రాయండి, ఎందుకంటే టీవీ వాళ్ళ కోసం సగం మ్యాచ్‌ల రోజులూ టైములూ తర్వాత మారిపోతాయి. కప్ మ్యాచ్‌లకి వరుసలు ఖాళీగా వదిలేయండి, గెలుస్తూ పోతే అవే నిండుతాయి. మీ టీమ్ లీగ్ కప్ ఫైనల్‌కి వెళ్తే ఆ వారం లీగ్ మ్యాచ్ ఇంకో తేదీకి జరుగుతుంది, అంటే కప్‌లో గెలుపు లీగ్ షెడ్యూల్‌ని కూడా కదిలిస్తుందన్నమాట. ప్రతి వరుసలో తేదీ, మన టైము, ఏ పోటీ, ఎవరితో, ఎక్కడ, ఫలితం రాయండి. ఇంకో గడి తప్పకుండా పెట్టండి, గత మ్యాచ్ అయ్యి ఎన్ని రోజులైంది అని. నన్నడిగితే మిగతా అన్ని గడుల కంటే ఇదే ముఖ్యం.

మన టైము గురించి ఒక హెచ్చరిక. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా ఇంగ్లండ్ మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. కాబట్టి వాళ్ళ శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకి ఆగస్టులో రాత్రి 7:30కి, డిసెంబర్‌లో 8:30కి. యూరప్ రాత్రులు ఇంకా చిరాకు, వాళ్ళకి రాత్రి 8 అంటే చలికాలంలో మనకి అర్ధరాత్రి దాటాక 1:30. మంగళవారం మ్యాచ్ అని రాసుకుని మంగళవారం తెల్లవారుజామున లేచి కూర్చుంటే టీవీలో ఏమీ రాదు, అది మనకి బుధవారం. ఒక లాభం మాత్రం ఉంది. స్టేడియాలకి జనం రావడం తగ్గిపోతుందని శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లని బ్రిటన్‌లో టీవీలో లైవ్ చూపించరు. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న మీ బావగారు చూడలేని మ్యాచ్ మీరు హైదరాబాద్‌లో సోఫాలో కూర్చుని చూడొచ్చు.

షీట్ నిండాక ఎలా కనిపిస్తుందో చూడండి. లివర్‌పూల్ 2022 ఏప్రిల్ ఇది, తేదీలు ఇంగ్లండ్‌వి:

2 వాట్‌ఫర్డ్, లీగ్, 2-0
5 బెన్ఫికా, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్, లిస్బన్‌లో, 3-1
10 మాంచెస్టర్ సిటీ, లీగ్, వాళ్ళ మైదానంలో, 2-2
13 బెన్ఫికా, రెండో లెగ్, 3-3
16 మాంచెస్టర్ సిటీ, ఎఫ్ఏ కప్ సెమీస్, లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, 3-2
19 మాంచెస్టర్ యునైటెడ్, లీగ్, 4-0
24 ఎవర్టన్, లీగ్, 2-0
27 విల్లారియల్, ఛాంపియన్స్ లీగ్ సెమీస్, 2-0
30 న్యూకాసిల్, లీగ్, వాళ్ళ ఊర్లో, 1-0

29 రోజుల్లో 9 మ్యాచ్‌లు, మూడు పోటీలు. ఇప్పుడు విడివిడిగా చూడండి. బెన్ఫికాతో సొంత మైదానంలో 3-3 అంటే ఏదో తేడా కొట్టినట్టు అనిపిస్తుంది. కానీ మొదటి లెగ్‌లో రెండు గోల్స్ ఆధిక్యం ఉంది, మూడు రోజుల్లో వెంబ్లీలో సిటీతో సెమీస్ ఉంది, అందుకే మేనేజర్ యుర్గెన్ క్లోప్ టీమ్‌ని బాగా మార్చేసి దింపాడు. న్యూకాసిల్ మీద 1-0 చూస్తే చప్పగా ఉంటుంది, కానీ బుధవారం రాత్రి యూరప్ సెమీస్ ఆడినవాళ్ళు శనివారం మధ్యాహ్నం 12:30కే దేశం ఆ చివరికి వెళ్ళి ఆడాలి. ఆ టైము మీద క్లోప్ బాహాటంగానే విసుక్కున్నాడు. రెస్ట్ రోజుల గడి ఉంటే ఆ 1-0 విలువ మీకు వెంటనే తెలుస్తుంది.

తర్వాత నేర్చుకోవాల్సింది టీమ్ లిస్టు చదవడం. సాధారణంగా మ్యాచ్‌కి గంటో, గంటంబావో ముందు వస్తుంది. మొదట గోల్‌కీపర్ పేరు చూడండి. చాలా క్లబ్బుల్లో లీగ్ కప్ రెండో గోల్‌కీపర్‌కి వదిలేస్తారు. లివర్‌పూల్‌లో అది కీవీన్ కెల్లెహర్. అసలు కీపర్ అలిసన్ ఫిట్‌గా ఉన్నా ఫైనల్‌లో కూడా క్లోప్ కెల్లెహర్‌నే ఆడించాడు, 2022 ఫిబ్రవరి 27న వెంబ్లీలో చెల్సీతో. 0-0 తర్వాత పెనాల్టీలు. వరుసగా 21 మంది గోల్ కొట్టారు, అందులో లివర్‌పూల్ తరఫున పదకొండోది కెల్లెహర్ కొట్టాడు. పెనాల్టీల కోసమే ఆఖరి నిమిషాల్లో చెల్సీ దింపిన కీపర్ కెపా బంతిని బార్ పైనుంచి తన్నేశాడు, 11-10. అదే ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి వచ్చేసరికి గోల్‌లో అలిసన్ ఉన్నాడు. ఏ కప్పుని క్లబ్ ఎలా చూస్తోందో ఈ ఒక్క పేరు చెప్పేస్తుంది.

అలాగే కప్పుల్లోనే కనిపించే ఆటగాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి. తకుమి మినమినో లీగ్‌లో ఎక్కువగా బెంచ్ మీదే కూర్చున్నాడు. కానీ లీగ్ కప్‌లో 4, ఎఫ్ఏ కప్‌లో 3 గోల్స్ అతనివి. లెస్టర్‌తో లీగ్ కప్ క్వార్టర్స్‌లో 95వ నిమిషంలో 3-3 చేసింది అతనే, ఆ గోల్ లేకపోతే ఆ కప్ అక్కడితో సరి. ఆ సీజన్ అనగానే అందరూ సలా, మానే అంటారు, మినమినో పేరు ఎత్తేవాళ్ళు తక్కువ, నాకు అది అన్యాయంగానే అనిపిస్తుంది.

అయితే ప్రతి క్లబ్ ప్రతి ఏడాదీ కప్పుల్ని ఇంత సీరియస్‌గా తీసుకోదు. ఇదే లివర్‌పూల్ 2019 డిసెంబర్ 17న లీగ్ కప్ క్వార్టర్స్‌లో కుర్రాళ్ళని ఆడించి ఆస్టన్ విల్లా చేతిలో 5-0తో ఓడింది, ఎందుకంటే మర్నాడే ఖతార్‌లో క్లబ్ వరల్డ్ కప్ సెమీస్ ఉంది, సీనియర్లంతా అక్కడున్నారు. స్కోరు మాత్రమే చూసినవాడు పరువు పోయిందనుకుంటాడు. క్యాలెండర్ చూసినవాడికి విషయం తెలుసు.

ఇప్పుడు పట్టిక దగ్గరికి రండి. ముందు చూడాల్సింది పాయింట్లు కాదు, ఎన్ని మ్యాచ్‌లు ఆడారు అన్న గడి. 2022 జనవరి మధ్యలో సిటీ 22 మ్యాచ్‌ల్లో 56 పాయింట్లతో ఉంది, లివర్‌పూల్‌కి 42. తేడా 14, అయిపోయింది అన్నారు అందరూ. కానీ లివర్‌పూల్ అప్పటికి 20 మ్యాచ్‌లే ఆడింది. చేతిలో ఉన్న రెండూ గెలిస్తే తేడా 8, పైగా సిటీతో ఇంకో మ్యాచ్ మిగిలుంది. వాయిదా పడ్డవాటిలో లీడ్స్ మ్యాచ్ ఒకటి, డిసెంబర్ 26న కోవిడ్ వల్ల ఆగిపోయి ఫిబ్రవరి 23న జరిగింది, 6-0. ఆ జనవరి నుంచి లివర్‌పూల్ లీగ్‌లో వరుసగా 10 గెలిచింది, ఈలోపు సిటీ సౌతాంప్టన్‌తో డ్రా, టోటెన్‌హామ్ చేతిలో ఓటమి, క్రిస్టల్ ప్యాలెస్‌తో డ్రా. ఏప్రిల్ 10న ఇద్దరూ తలపడేసరికి తేడా ఒక్క పాయింట్. అయితే చేతిలో ఉన్న మ్యాచ్‌ల్ని గెలిచేసినట్టే లెక్కేసుకోవద్దు, షీట్‌లో అవి ఎక్కడ ఇరికించారో, వాటికి ముందూ వెనకా ఏమున్నాయో చూశాకే ఆశ పెట్టుకోండి.

రెండు లెగ్‌ల మ్యాచ్‌లకి ఒకే వరుసలో మొత్తం స్కోరు కూడా రాయండి. ఇంటర్ మిలాన్ మీద మిలాన్‌లో 2-0 గెలిచి, ఆన్‌ఫీల్డ్‌లో 0-1 ఓడి, మొత్తం 2-1తో ముందుకెళ్ళారు. ఓడిన రాత్రి సంబరాలేంటి అని చూసేవాడికి అర్థం కాదు. విల్లారియల్‌తో ఇంకా టెన్షన్, 2-0 ఆధిక్యంతో స్పెయిన్ వెళ్ళి సగం సమయానికి 0-2తో వెనకబడ్డారు, అంటే మొత్తం 2-2. రెండో సగంలో మూడు కొట్టి గట్టెక్కారు. 2021-22 నుంచి బయట కొట్టిన గోల్‌కి ఎక్కువ విలువ అనే పాత రూల్ యూరప్‌లో తీసేశారు, కాబట్టి ఇప్పుడు ఉత్త కూడిక చాలు.

పెనాల్టీలతో గెలిచిన మ్యాచ్ రికార్డుల్లో డ్రాగానే ఉంటుంది, షీట్‌లోనూ అలాగే రాసి పక్కన పెనాల్టీల స్కోరు వేయండి. ఆ ఏడాది లివర్‌పూల్ చెల్సీతో నాలుగుసార్లు ఆడింది, లీగ్‌లో 1-1, 2-2, రెండు ఫైనల్స్‌లో 0-0, 0-0. నాలుగూ డ్రాలే! ఎఫ్ఏ కప్ ఫైనల్ పెనాల్టీలు 6-5, ఆఖరిది కోస్టాస్ సిమికాస్ కొట్టాడు. చెల్సీని ఒక్కసారి కూడా ఓడించకుండానే వాళ్ళ మీద రెండు ట్రోఫీలు ఎత్తుకెళ్ళారు.

ఆఖరి రోజు లీగ్ మ్యాచ్‌లన్నీ ఒకేసారి మొదలవుతాయి. మీ టీమ్ ఒక స్క్రీన్ మీద, పోటీదారు ఇంకో స్క్రీన్ మీద పెట్టుకోండి, కానీ అంతకుముందే గోల్ తేడా లెక్క చేతిలో పెట్టుకోండి, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తే మిగిలేది, పాయింట్లు సమానమైతే అదే తేలుస్తుంది. 2022 మే 22 ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు గురించి అందరూ ఒక మాట తప్పుగా చెప్తారు. ఆస్టన్ విల్లా మేనేజర్ అప్పుడు స్టీవెన్ జెరార్డ్, లివర్‌పూల్ పాత కెప్టెన్, విల్లా సిటీ మీద 2-0 ఆధిక్యంలోకి వెళ్ళింది, కాసేపు టైటిల్ లివర్‌పూల్‌దే అయిందని అంటారు. కాలేదు. పొద్దున సిటీకి 90, లివర్‌పూల్‌కి 89. సిటీ 0-2తో వెనకబడ్డ సమయంలో లివర్‌పూల్ వోల్వ్స్‌తో 1-1లో ఉంది, అంటే ఇద్దరికీ 90, కానీ గోల్ తేడాలో సిటీ 70, లివర్‌పూల్ 66. సిటీ ఆ రోజు ఒక్క నిమిషం కూడా పై స్థానం దిగలేదు. 76, 78, 81 నిమిషాల్లో గుండోగన్, రోడ్రి, మళ్ళీ గుండోగన్ గోల్స్ కొట్టారు. సలా గోల్ 84వ నిమిషంలో వచ్చింది, అప్పటికే సిటీ 3-2. చివరికి 93, 92.

ఒక్క పాయింట్ తేడాతో పోయిన టైటిల్‌ని ఆఖరి రోజులో వెతకొద్దు, షీట్‌లో వెనక్కి వెళ్ళండి. లివర్‌పూల్ ఓడింది రెండే, వెస్ట్ హామ్ చేతిలో 3-2, లెస్టర్ చేతిలో 1-0. వాటిలో ఒకటి డ్రా చేసుకున్నా 93-93 అయ్యేది, అప్పుడూ గోల్ తేడాతో సిటీదే. కాబట్టి చూడాల్సింది 8 డ్రాలని. బ్రైటన్‌తో ఆన్‌ఫీల్డ్‌లో 2-0 ఆధిక్యం నుంచి 2-2, చెల్సీ మైదానంలో కూడా 2-0 నుంచి 2-2, బ్రెంట్‌ఫర్డ్‌తో 3-3, మే 7న టోటెన్‌హామ్‌తో 1-1. వీటిలో ఏ ఒక్కటి గెలిచినా 94. ఆ టోటెన్‌హామ్ మ్యాచ్ విల్లారియల్ ఊర్లో ఆడి వచ్చిన నాలుగు రోజులకి జరిగింది. రెస్ట్ గడిని నేను అంత పట్టుకుని వేలాడేది ఇందుకే.

మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, రియల్ మాడ్రిడ్‌తో. స్టేడియం బయట గందరగోళం వల్ల 36 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, తప్పు ప్రధానంగా పోటీ నడిపే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏదే అని తర్వాత స్వతంత్ర విచారణ తేల్చింది. మాడ్రిడ్‌కి వినీసియస్ ఒక్క గోల్, వాళ్ళ కీపర్ కోర్ట్వా గోడ, 0-1. నాలుగు ట్రోఫీల్లో రెండు వచ్చాయి, రెండు అంచుదాకా వచ్చి జారిపోయాయి. దీన్ని ఫెయిల్యూర్ అనేవాళ్ళతో నేను వాదించను, 63 వరుసలున్న షీట్ చేతికిచ్చి ఊరుకుంటాను.

చిన్న చిన్న విషయాలు కొన్ని. ఎల్లో కార్డుల లెక్క ఏ పోటీకి ఆ పోటీకే, లీగ్‌లో వచ్చిన ఎల్లో కార్డుల వల్ల కప్ మ్యాచ్ పోదు. జనవరిలో ఆటగాళ్ళ కొనుగోళ్ళకి మళ్ళీ తలుపు తెరుస్తారు, ఆ వరుసలు వేరే రంగులో ఉంచండి. లూయిస్ డియాజ్ ఆ జనవరిలోనే పోర్టో నుంచి వచ్చాడు, గ్రూప్ దశలో లివర్‌పూల్ మీదే ఆడినవాడు, మూడు నెలల తర్వాత అదే ఛాంపియన్స్ లీగ్‌లో లివర్‌పూల్ తరఫున గోల్స్ కొట్టాడు. ఆఫ్రికా నేషన్స్ కప్ ఉన్న ఏడాది ఎవరెవరు ఎన్ని వారాలు ఉండరో ముందే గుర్తు పెట్టుకోండి, 2022లో సలా, మానే ఇద్దరూ వెళ్ళి ఫైనల్‌లో ఒకరి మీద ఒకరు ఆడారు.

సీజన్ అయిపోయాక యూరప్ సీట్ల లెక్క ఒకటి మిగులుతుంది, దీన్ని చాలామంది చూడరు. ఎఫ్ఏ కప్ గెలిచినవాళ్ళకి యూరోపా లీగ్, లీగ్ కప్ గెలిచినవాళ్ళకి కాన్ఫరెన్స్ లీగ్ సీటు వస్తుంది, ఇవి ఛాంపియన్స్ లీగ్ తర్వాతి రెండు యూరప్ పోటీలు. కానీ లివర్‌పూల్ రెండు కప్పులూ గెలిచింది, లీగ్‌లో రెండో స్థానంతో ఎలాగూ ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్ళింది. అప్పుడు ఆ సీట్లు పట్టికలో కిందికి దిగుతాయి. ఆరో స్థానంలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ యూరోపా లీగ్‌కి, ఏడో స్థానంలో ఉన్న వెస్ట్ హామ్ కాన్ఫరెన్స్ లీగ్‌కి వెళ్ళాయి. వెస్ట్ హామ్ ఏకంగా ఆ కప్ గెలుచుకుంది, 2023 జూన్‌లో ప్రాగ్‌లో ఫియోరెంటీనా మీద 2-1. కాబట్టి కప్ ఫైనల్స్ చూసేటప్పుడు మీ షీట్ మూలన ఏడో స్థానం వాళ్ళ పేరు కూడా రాసిపెట్టుకోండి.